గంపలత్తకు వచ్చిన కల

ఆ రోజుల్లో మా నూజివీడు కాలేజీ ఆడపిల్లలకు వచ్చే జబ్బులు రెండే. ఒకటి జలుబు, రెండోది కవిత్వం. నాకు రెండోది గట్టిగా పట్టుకుంది. గొప్ప కవులూ చిత్రకారులూ చాలామంది తమ కలల్లోంచే సరుకు తెచ్చుకున్నారని మా తెలుగు మాస్టారు ఒకసారి క్లాసులో చెప్పారు. నా గుండెల్లో రాయి పడింది. ఎందుకంటే నాకు కలలు రావు. మంచమెక్కితే మళ్ళీ అమ్మ దుప్పటి లాగేదాకా ఒళ్ళు తెలియని నిద్ర. ఎవరో చెప్పారని పట్టపగలు ఆవకాయన్నం పీకల దాకా తిని, మా మామిడితోటలో నులకమంచం మీద పడుకుని కూడా చూశాను. (చీమలు కుట్టాయి. కల రాలేదు.)

అప్పుడు దొరికింది గంపలత్త. ముసునూరు దగ్గరున్న మా తోటలో, కోసిన కాయల్ని గడ్డి పరిచి గంపల్లో సర్దే మనిషి. చేతులు కాయల మీద ఉంటే, నోరు కలల మీద ఉండేది. "రాత్రి తోటంతా నీళ్ళొచ్చేసినయ్యండీ అమ్మాయిగారూ. కాయలన్నీ చేపల్లాగా ఈదుతున్నయ్. నేను వలేసి పడతావుంటే, గట్టు మీద మా అమ్మ కూర్చోనుంది. నా చిన్నప్పుడే పోయింది కదండీ, కల్లో తప్ప కనపడదు. 'పెద్దవాటిని వదిలెయ్యి, గుడ్లు పెట్టుకోనీ' అంటంది" అంది. నేను ఇంటికి పరుగెత్తి దాన్ని కవితగా రాసేశాను. వల, గట్టు, కల్లో తప్ప కనిపించని అమ్మ, అన్నీ నావే అయిపోయాయి.

ఆదివారం సాయంత్రం లైబ్రరీ హాల్లో కవి సమ్మేళనం. గొంతు వణికిస్తూ చదివాను. చప్పట్లు మోగాయి. అధ్యక్షులుగా ఉన్న మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, "తల్లి పోయి ఎన్నాళ్ళయిందమ్మా?" అన్నారు. ముందు వరసలో పట్టుచీర కట్టుకుని కూర్చున్న మా అమ్మ లేచి నిలబడి, "నేనిక్కడే ఉన్నానండీ" అంది.

హాలంతా నవ్వుతుంటే తల దించుకుని నిజం చెప్పేశాను. మాస్టారు నవ్వలేదు. "ముందు ఆ కల ఎవరిదో వాళ్ళకి వినిపించిరా" అన్నారు.

మర్నాడు తోటకు వెళ్ళి, తప్పు ఒప్పుకుని, గంపలత్త ముందు నిలబడి చదివాను. తిడుతుందనుకున్నాను. ఆమె అంతా విని, "బానే ఉందండీ. కానీ మా అమ్మ నన్ను ఎప్పుడూ 'ఓ ప్రియ తనయా' అనలేదు. అసలదేం మాటండీ?" అంది.

"మరేమని పిలిచేది?"

"ఒసేయ్ మొద్దూ అనేది."

నేను అక్కడే గంప మీద కాగితం పెట్టి ఆ ముక్క కొట్టేసి, ఆమె చెప్పినట్టే రాసి, మళ్ళీ చదివాను. 'ఒసేయ్ మొద్దూ' దగ్గరికొచ్చేసరికి ఆమె చేతులు ఆగిపోయాయి. కొంగుతో మొహం తుడుచుకుని, "ఇంకోసారి చదవండి అమ్మాయిగారూ" అంది. చదివాను. ఆ పూట ఎన్నిసార్లు చదివించుకుందో!

తర్వాత చాలా కవితలే రాశాను, అచ్చంగా నావే. కొన్ని పత్రికల్లో వచ్చాయి, ఒకటి రెండింటికి శాలువాలు కూడా కప్పారు. ఇంకోసారి చదవమని మాత్రం ఎవరూ అడగలేదు.