బూటును పట్టుకునే పెడల్

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చిన కొత్తలో మా టీమ్ మొత్తానికి సైకిల్ పిచ్చి పట్టింది. శనివారం పొద్దున్నే శామీర్‌పేట దాకా తొక్కి, అక్కడ ఇడ్లీ తిని రావాలి. మొదటిసారి నేను చేరేసరికి వాళ్ళు చేతులు కడుక్కుంటున్నారు. మా లీడ్ నా కాళ్ళ వైపు జాలిగా చూసి, "చెప్పులతో తొక్కితే ఇంతే. లాకింగ్ పెడల్స్ వేయించుకోండి," అన్నాడు. ఆకలి కన్నా ఆ జాలికే ఒళ్ళు మండింది. వచ్చే శనివారం అందరితో పాటు వేడి ఇడ్లీ తినకపోతే నా పేరు మార్చుకుంటాను అనుకున్నాను.

ఆ పెడల్ మీద కాలు నొక్కగానే బూటు అడుగున బిగించిన ముక్క టక్కున ఇరుక్కుంటుంది. మడమ పక్కకు తిప్పితే వదులుతుంది. తిప్పడం మరిచిపోతే సైకిల్‌తో పాటు మనమూ నేల మీదకే. సికింద్రాబాద్‌లో షాపాయన రెండు రకాలు ముందు పెట్టాడు. ఒకటి రెండు వైపులా పట్టేది. ఇంకోటి ఒకవైపు పట్టేది, రెండోవైపు మామూలుది.

"గిది తీస్కోండి మేడమ్. భయమైతే తిప్పేసి చెప్పులతోని సుత తొక్కొచ్చు," అన్నాడు రెండోది చూపించి.

"మీరేది వాడతారు?"

"నేనా? నేను స్కూటర్ మీద వస్త."

అంత నిజాయితీ గల మనిషి మాట వినాల్సింది. కానీ మా లీడ్‌వి రెండు వైపులా పట్టేవి. నేనూ అవే బిగించుకుని మెట్టుగూడలో మా ఇంటికి వచ్చాను.

మా నాన్న లెక్కల మాస్టారు. పెడల్‌ని అటూ ఇటూ తిప్పి చూశారు. "కాళ్ళు కట్టేది గాడిదలకమ్మా. సరే, శుక్రవారం సాయంత్రం నా ముందు తొక్కి చూపించు. ఒక్కసారి పడ్డావా, ఇవి తిరిగి షాపుకే," అన్నారు. నాన్న మాటంటే మాటే.

శుక్రవారం వాకిట్లో ఎడమచేత్తో గేటు పట్టుకుని సైకిలెక్కి, రెండు బూట్లూ టక్కుటక్కుమనిపించాను. నాన్న పరీక్ష హాల్లో నిలబడినట్టు నా వెనక నిలబడ్డారు. సరిగ్గా అప్పుడే మా సంఘం పాస్టర్ అయ్యగారు వచ్చారు. కబురు పెట్టింది అమ్మే. మా ఇంట్లో మిక్సీ కొన్నా అయ్యగారు ప్రార్థించాకే పచ్చడి.

"దిగక్కర్లేదమ్మా, ఒక్క మాట ప్రార్థన చేసుకుందాం," అన్నారు అయ్యగారు. అమ్మ తన తల మీద కొంగు కప్పుకుని, నా హెల్మెట్ మీద చున్నీ కప్పింది.

ప్రార్థన అన్న మాట చెవిన పడితే మా ఒళ్ళు మా చేతిలో ఉండదు. ప్రార్థనలో కళ్ళు తెరిస్తే చిన్నప్పుడు మొట్టికాయ వేసింది నాన్నే. నేను గేటు వదిలేసి, రెండు చేతులూ జోడించి, కళ్ళు మూసుకున్నాను.

"ప్రేమగల తండ్రీ," అన్నారు అయ్యగారు. సైకిల్ మెల్లగా కుడివైపుకు ఒరిగింది. మడమ ఎటు తిప్పాలో గుర్తు రాలేదు. ఇడ్లీ పోయింది, పరువూ పోయింది అనుకుంటుండగా ఒరగడం ఆగిపోయింది. ఒక కన్ను తెరిచి వెనక్కి చూశాను. నాన్న సీటు పట్టుకుని ఉన్నారు.

ఊరికే నిలబడి ఉంటే గెలుపు ఆయనదే. అయ్యగారు బ్రేకుల కోసం, వాటిని చేసిన వాళ్ళ కోసం, శామీర్‌పేట దారిలో లారీలు నడిపే వాళ్ళ కోసం, చివరికి ప్రభుత్వం కోసం కూడా ప్రార్థించారు. నాన్న చెయ్యి మార్చుకున్నారు గానీ సీటు వదల్లేదు. నాకు ఏడుపొచ్చింది. అమ్మ దాన్ని భక్తి అనుకుంది.

ఆమెన్ అయ్యాక అమ్మ అయ్యగారిని టీకి లోపలికి తీసుకెళ్ళింది. నేనింకా సైకిల్ మీదే ఇరుక్కుని ఉన్నాను.

"ప్రార్థనలో కళ్ళు తెరిచారు నాన్నా," అన్నాను.

"నీకెలా తెలిసింది?"

నేను హెల్మెట్ మీది చున్నీ సర్దుకున్నాను.

"పడలేదుగా. రేపు వెళ్ళిరా," అన్నారు నాన్న, సీటు ఇంకా వదలకుండానే.