అల్లుని కాపలాకు బ్యాంకాక్ పోయిన ముచ్చట

జమ్ములమ్మ తోడు, ఇప్పుడు నేను చెప్పేదాంట్ల ఒక్క ముక్క అబద్ధం లేదు. ఉంటే ఈ ఛాయ్ నా గొంతు దిగొద్దు. ఆ... దిగింది, చూసిండ్రు గద! ఇగ మధ్యల ఎవ్వరూ నోరు తెరవొద్దు. సవారమ్మా, నిన్నే అంటున్న.

అల్లుని మీద కాపలాకని బ్యాంకాక్ పోయిన. వాపసు వచ్చేటప్పుడు బస్సు నిండ మంది నా మీద కాపలా కాసుకుంట వచ్చిండ్రు. ఇగ మధ్యల ఏమైందో వినుండ్రి.

మా సుజాతకు పెబ్బేరుల విత్తనాల దుకాణం ఉంది గద. బోర్డు మీద పేరు అల్లునిది, తాళంచెవులు నా బిడ్డవి. పత్తిగింజలు బాగ అమ్మినందుకు కంపెనోళ్ళు డీలర్లకు బ్యాంకాక్ ట్రిప్ పెట్టిండ్రు. డీలర్‌కు రెండేసి టికెట్లు. మా అల్లుడు నర్సిములు గొంతు సన్నగ చేసి, "రెండో టికెట్ వాపస్ ఇచ్చేద్దాంలే సుజాతా, దుకాణం ఎవరు చూస్తరు పాపం" అన్నడట. పాపం అనంగనే పట్టుకుంది నా బిడ్డ. "బ్యాంకాక్ అంటే ఏందో నాకు తెల్వదా? నేను యూట్యూబ్ చూడనా?" అన్నది. తనకేమో దుకాణం ఇడిసి కదిలే సందు లేదు. ఇగ ఉన్నది ఎవరు? నేను.

పాస్‌పోర్ట్ ఎంక్వయిరీకి వచ్చిన పోలీసాయన, "ఏమవ్వా, ఈ వయసుల బ్యాంకాక్‌ల ఏం పని?" అన్నడు. "డ్యూటీ" అన్న. ఆయన సెల్యూట్ కొట్టిండు. కొట్టకపోయినా కొట్టినట్టే నిలబడ్డడు.

పోయే ముందర సుజాత నా చెయ్యి తీసుకొని తన నెత్తి మీద పెట్టుకుంది. "అమ్మా, ఆయన నీ కండ్లముంగట నుంచి పక్కకు పోవద్దు. పోయిండని నాకు తెలిసిందనుకో, ఇగ నీకు నాకు మాటల్లేవు."

నా బిడ్డ మాటంటే మాటే. చిన్నప్పుడు దాని గాజులు పలగ్గొట్టిన్నని దసరా నుంచి ఉగాది దాక నాతోని మాట్లాడలే. ఉన్నది ఒక్కగానొక్క బిడ్డ. పొద్దుగాల దాని ఫోన్ రాకపోతే నాకు ఛాయ్‌ల చక్కెర ఏసినా చేదే. నవ్వులాటకు చెప్తలేను, గా భయంతోనే ఇమానం ఎక్కిన.

బ్యాంకాక్‌ల మా హోటల్ నది ఒడ్డుకే. నది పేరు చావ్ ఫ్రాయా. పేరుల్నే చావు ఉంది, నేను అప్పుడే ఆలోచించేది ఉండె. మన కృష్ణమ్మ జూరాల కాడ పెద్దముత్తయిదువ లెక్క నిమ్మళంగ పోతది. ఇదేమో దసరా ముందర బస్టాండ్ లెక్క ఉంది. అటు పడవలు, ఇటు పడవలు. లారీ ఇంజన్‌ను పొడుగు కట్టెకు బిగించి, పడవ ఎనకకు పెట్టి తిప్పుతుండ్రు. ఆ చప్పుడుకు నాకున్న నాలుగు పండ్లల్ల రెండు కదిలినయి. ఒడ్డు మీద మొగులు దాక హోటళ్ళు. వాటి సందుల్ల మన అమరచింత గల్లీలసుంటి గల్లీలు, మగ్గాల చప్పుడొక్కటే తక్కువ. ఇంటింటి ముంగట కంబం మీద చిన్న గుడి. దేవునికి ఎర్ర కూల్‌డ్రింక్ పెట్టిండ్రు, స్ట్రాతోని సహా! మన మైసమ్మకు కల్లు పోస్తం గని, స్ట్రా పెట్టాలని ఒక్కరికన్న తోచిందా? కాలువల్ల ఉడుములు తిరుగుతున్నయి. ఒక్కొక్కటి పెబ్బేరు సంతల కోడెదూడంత.

ఏందే సవారమ్మా? ఉడుము కోడెదూడంత ఉంటదా అంటవా? కొమ్ములు లేవు, గంతే తేడా.

మొదట్ల నా డ్యూటీ పక్కాగ నడిచింది. నర్సిములు లిఫ్ట్ ఎక్కితే నేనెక్కిన. బాత్రూంకు పోతే బయట నిలబడి దగ్గిన. నన్ను చూస్తే డీలర్లందరు సిగరెట్లు ఎనకకు దాచుకుంటుండ్రి. గద్వాల డీలర్ తిమ్మప్ప అని ఉన్నడు, తెలుగుల సగం కన్నడం కలుపుతడు. "అత్తమ్మా, నిన్ను బార్డర్‌ల పెట్టాల్సింది రీ" అన్నడు. పొగుడుతుండు అనుకున్న.

ఇగ అసలు సంగతి. ఒక దినం పొద్దుమీకి నది మీద పడవల భోజనాలు అన్నరు. లైట్లు, పాటలు, బిర్యానీ. హిందీ మాట్లాడే గైడ్ పిల్ల మమ్మల్ని నది ఒడ్డుకే ఉన్న పూల బజార్ల దింపి, "అందరు జల్ది రేవు కాడికి వచ్చేయండి" అని చెప్పింది.

అబ్బబ్బ, ఆ బజారు! మన దిక్కు బంతిపువ్వు పిడికిలంత ఉంటది. ఆడ సొరకాయంత. సంచులల్ల పూలు, బండ్ల మీద పూలు, నడిచే మనుషుల మొకాలు కనిపిస్తలేవు, పూలే కాళ్ళొచ్చి నడుస్తున్నట్టుంది. ఒక దుకాణం కాడ ఆగి, బంతిపువ్వును పట్టి చూస్తున్న. దుకాణపామె గుండ్రటి మొకం, నవ్వితే కండ్లు మూసుకపోతయి. నన్ను చూసి నవ్వుకుంట, "ఆవ్ మయ్?" అన్నది.

నాకు పానం లేచొచ్చింది! ఇంత దూరమొచ్చినా 'అవ్' అనేటోళ్ళు ఉన్నరు! మన పాలమూరోళ్ళు ఏనాడో ఈడికి వలసొచ్చిండ్రు కావచ్చు అనుకున్న. ఈ సంగతి అల్లునికి చెప్దామని పక్కకు తిరిగిన.

అల్లుడు లేడు.

ముంగట చూసిన, లేడు. ఎనక చూసిన, లేడు. అప్పుడే ఫోన్ మోగింది. ఎవరు? ఇంకెవరు!

"అమ్మా, ఆయన నీ పక్కకే ఉన్నడా?"

"అవ్ బిడ్డా" అన్న.

దుకాణపామె గబగబ ఒక సంచి నింపి నా కాళ్ళ కాడ పెట్టింది.

"మంచిగ కనబడుతుండా?"

"అవ్, అవ్." ఇంకో రెండు సంచులు వచ్చినయి.

"తిన్నడా? బీపీ గోలి ఏసుకున్నడా?"

"అవ్." ఇంకోటి.

"నువ్వు చెప్పినట్టు ఇంటుండా?"

"అవ్."

"నిజంగ?"

"అవ్, అవ్, అవ్ తల్లీ!"

దుకాణపామెకు పండగ. పక్క దుకాణం నుంచి గూడ సంచులు తెప్పిస్తుంది. నేను చెయ్యి ఊపి వారిస్తున్న, ఆమె నాకు చెయ్యి ఊపుతుంది. ఒక్కొక్క అబద్ధానికి ఒక్కొక్క సంచి. దేవుడు లెక్క అంత తొందరగ తేలుస్తడని ఇన్నేండ్లల్ల నేను చూడలే.

"అమ్మా, జర ఆయనకు ఫోన్ ఇయ్యి."

ఇగ ఏం చేస్త? ఫోన్‌ల "ఉఫ్... ఉఫ్..." అని ఊది, "సిగ్నల్... బిడ్డా... గాలి..." అని కట్ చేసిన.

కట్ చేసి చూస్తే నేను నిలబడ్డ తావు కనిపిస్తలేదు. ఇరవై ముప్పై సంచులు. ఉండు సవారమ్మా, నువ్వు ఎంచినవా? నేను ఎంచిన. నా ఎత్తున కుప్ప పోసిండ్రు. నేను రెండు చేతులు ఊపుకుంట, "వద్దమ్మా! వద్దు! వద్దు!" అన్న.

ఆమె మొకం ఎలిగిపోయింది. "వాట్!" అన్నది. రెండు చేతులు జోడించి నాకు మొక్కింది. "వాట్, వాట్" అనుకుంట తోపుడుబండి ఆయనను పిలిచి నది దిక్కు చూపించింది. ఆయన కూడ నాకు మొక్కి సంచులన్నీ బండికి ఎత్తిండు. నేను బొడ్డుసంచి విప్పి ముంగట పట్టిన. ఆమె తనకు రావాల్సింది తీసుకొని మిగిలింది మళ్ళ నా చేతుల పెట్టింది. మంచి మనిషి, మాట ఒక్కటే అర్థం కాదు.

బండి కదిలింది. "వద్దు!" అంటి. జోరు చేసిండు. "అయ్యా, వద్దు వద్దు!" అంటి. ఉరికిండు! నేనెంత గట్టిగ వద్దంటే బండి అంత జోరుగ పోతుంది. నా మోకాళ్ళ నొప్పులు ఎటు పోయినయో తెల్వదు, ఆ బండెనక నేను ఉరికిన ఉరుకుకు ఒలంపిక్స్‌ల మెడల్ వస్తుండె. రేవు కాడ బల్లకట్టు అసుంటి పడవ ఉంది, అటు ఒడ్డుకు మందిని దాటించేది. సంచులు అందులకు ఎక్కినయి. సంచులెనక నేనెక్కిన. ఎందుకెక్కినవంటే ఏం చెప్త? పైసలిచ్చిన పూలాయె!

పడవ ఒడ్డు ఇడిసింది. అప్పుడు చూసిన మా అల్లుని.

రేవు పక్కకే ఒక దుకాణం. ముంగట వరుసగ వాలు కుర్చీలు. మా నర్సిములు, తిమ్మప్ప, ఇంకో నలుగురు డీలర్లు లాగులు మోకాళ్ళ దాక మడిచి, కండ్లు మూసుకొని పడున్నరు. ముంగట ముసలవ్వలు కూసొని వాళ్ళ పాదాలకు నూనె రాసి పిసుకుతుండ్రు. నాకన్న ముసలోళ్ళు! బోర్డు మీద మాత్రం ఇంగ్లీషుల మసాజ్ అని రాసుంది. గా ఒక్క మాట చాలు గద, నా బిడ్డ ఇల్లు లేపనీకె.

"ఓ నర్సిములూ!" అని కేకేసిన. నది దద్దరిల్లింది.

ఆయన ఒక కన్ను తెరిచిండు. ఏం కనబడ్డదంటవు? నది నడుమ పడవ, పడవ నిండ బంతిపూలు, పూల నడుమ అత్త. నన్ను బతుకమ్మను చేసి నీళ్ళల్ల సాగనంపుతున్నట్టే ఉంది.

"అత్తమ్మా! ఏడికి పోతున్నరు?"

"నాకేం ఎరుక? నువ్వు మసాజ్ దుకాణంల ఏం చేస్తున్నవ్?"

"కాళ్ళకే అత్తమ్మా! ఒట్టు, కాళ్ళకే!"

లేచి ఉరికిండు. పాదాలకు నూనె, ఇగ చూడు, మూడు అడుగులకు ఒకసారి జారుతుండు. తిమ్మప్పేమో ఆయన్ను లేపుడు ఇడిసిపెట్టి ఫోన్ పైకెత్తి వీడియో తీస్తుండు. "దిగి రా రీ అత్తమ్మా!" అంటడు. నది నడుమ ఎట్ల దిగుత?

అవతలి ఒడ్డున పెద్ద గుడి. లోపల బుద్ధుడు కూసున్నడు. కూసుంటేనే మన వాటర్ ట్యాంక్ అంత ఉన్నడు, లేస్తే ఏందో! పడవల మంది అందరు తలా ఒక సంచి పట్టి గుడిలకు మోసిండ్రు. ముసలి సాములాయన నా మీద నీళ్ళు చల్లి దీవించిండు. ఆడోళ్ళు నన్ను నడుమ కూసోబెట్టి ఫోటోలు దిగిండ్రు. నేనేదో జమీందారు బిడ్డను, మొక్కు తీర్చుకోనీకె అంత దూరం నుంచి వచ్చిన అనుకున్నరు. నేనూ కాదనలే. కాదంటే ఇంకేం వస్తదో ఏమో! చేతులు జోడించి ఒక్కటే మొక్కిన. "సామీ, నీకు ఇన్ని పూలు పెట్టిన. నా బిడ్డకు తెల్వకుంట చూడు."

ఎనక పడవల నర్సిములు, తిమ్మప్ప, మిగిలిన డీలర్లు, గైడ్ పిల్ల, అందరు దిగిండ్రు. అల్లునికి ఒక కాలికే చెప్పుంది. రాంగనే ఆయన కండ్లల్ల నీళ్ళు. "అత్తమ్మా, మీకేమన్న అయితే సుజాతకు ఏం మొకం చూపిస్తుంటి?" అన్నడు. నిజం చెప్పొద్దూ, నాకు గూడ కండ్లు తడైనయి. మంచోడే మా అల్లుడు. గా మాట ఆయనకు చెప్పకుండ్రి.

గైడ్ పిల్ల నవ్వుకుంట చెప్పింది. "దాదీ, ఈడ 'ఆవ్' అంటే 'ఇయ్యి, నాకు కావాలె' అని. 'వాట్' అంటే గుడి."

"మరి వద్దంటే ఏమనాలె?"

"మయ్ ఆవ్."

"వద్దనేటందుకు గూడ అవ్ అనాల్నా? ఇగ ముసల్ది బతుకుడెట్ల?" అన్న. నవ్విండ్రు అందరు. నవ్వుతుండంగనే ముంగట నుంచి లైట్లు ఎలుగుకుంట, పాటలు పెట్టుకుంట ఒక పడవ పోయింది. మా భోజనాల పడవ! బిర్యానీ వాసన ఒడ్డు దాక వచ్చింది. డీలర్లందరు నన్ను ఎట్ల చూసిండ్రంటే, పురుగుపట్టిన పత్తిచేను గూడ అట్ల చూడరు. నా సంచిల జొన్నరొట్టెలు, పల్లీల పొడి ఉండె. గుడి మెట్ల మీద కూసొని తలా ఇంత తుంచుకొని తిన్నరు. ముప్పై మందికి సరిపోయినయి. రెండు మిగిలినయి గూడ!

తిన్నంక నర్సిములు నన్ను పక్కకు పిలిచి, "అత్తమ్మా, నా కాళ్ళ సంగతి మీరు చెప్పొద్దు, మీరు తప్పిపోయిన సంగతి నేను చెప్ప" అన్నడు. చేతుల చెయ్యేసిన. వాపసు పోయే బస్సుల డీలర్లందరు, నేను మళ్ళ ఏడ తప్పిపోతనో అని నా చుట్టే కూసొని కాపలా కాసిండ్రు. ఇమానంల, బస్సుల, పెబ్బేరు దాక నోరు తెరవలే. నేను! నోరు తెరవలే! అంతకన్న పెద్ద తపస్సు ఏ రుషి చేసిండు చెప్పు?

పెబ్బేరుల ఇంటికి చేరినంక సుజాత నాకు రెండుసార్లు అన్నం పెట్టింది. "నువ్వున్నవ్ కాబట్టి నేను నిమ్మళంగ పండుకున్న అమ్మా" అన్నది. ముద్ద గొంతుల ఇరికింది, నీళ్ళు తాగి దించిన. ఇగ గండం గడిచింది అనుకొని మన అమరచింతకు వచ్చేసిన.

ఆ తిమ్మప్ప ఉన్నడే! నిన్న డీలర్ల వాట్సాప్ గ్రూప్‌ల వీడియో పెట్టిండు. అల్లుడు నూనె కాళ్ళతోని జారుడు, నేను పూల నడుమ కేకలు, ఎనక మసాజ్ బోర్డు, ఒక్కటి ఇడవకుంట అన్నీ వచ్చినయి. మూడు జిల్లాలు చూసినయి. నాగర్‌కర్నూల్‌ల ఉన్న మా వియ్యపురాలు గూడ చూసింది. కంపెనోళ్ళు మళ్ళొచ్చే ట్రిప్‌కు కొత్త షరతు పెడుతుండ్రట. డీలర్ భార్యను తెచ్చుకోవచ్చు, తమ్మున్ని తెచ్చుకోవచ్చు, అత్తను మాత్రం తేవద్దు అని!

మీరు నవ్వుండ్రి, మీకేం. పొద్దుగాల సుజాత ఫోన్ చేసింది. ఒక్కటే మాట, "వస్తున్న." పెట్టేసింది. నవ్వుకుంట అన్నదా, పండ్లు కొరుక్కుంట అన్నదా, నాకు సమజ్ కాలే. అప్పటి సంది కాలు ఒక్క తాన నిలుస్తలేదు.

లే, సవారమ్మా. ఆత్మకూరు బస్సు వచ్చే యాళ్ళయింది. బస్టాండ్ కాడికి పోయి నిలబడు. నా బిడ్డ దిగంగనే ముందు మొకం చూడు. నవ్వుతుంటే ఆటో ఎక్కించుకొని సక్కగ ఇంటికి తోల్కరా. మొకం గంటు పెట్టుకొని ఉంటే ఆటో వద్దు, ఎండల నడిపించుకుంట రా, సగం కోపం చెమటల పోతది. మిగిలిన సగానికి దారిల మిర్చిబజ్జీలు తినిపియ్యి, వేడివేడివి. అప్పటికీ తగ్గకపోతే మీ ఇంటికి తీస్కపోయి నీ కోడలి ముచ్చట మొదలుపెట్టు, చీకటిదాక నడుస్తది. ఇంకా కూసున్నవేందే? ఛాయ్ వాపసు వచ్చినంక తాగుదువు, చెప్పులేసుకో!