బావకు చేరని ఓటు

మొన్నామధ్య మా పార్టీ అధ్యక్ష ఎన్నికలో నా ఓటు నేను వేయలేదు. ఎవరో వేశారు, అదీ మా బావకు వ్యతిరేకంగా వేశారు. బావ మూడు ఓట్ల తేడాతో ఓడిపోయాడు. ఎవరు ఎవరికి వేశారో ఆ సాయంత్రమే పేర్లతో సహా ఫోను గ్రూపులో పెడితే, నా పేరు గెలిచినాయన కింద కనపడింది.

పార్టీ అంటే ఏదో పెద్ద పార్టీ అనుకునేరు. అసెంబ్లీకి ఇంతవరకు ఒక్కరినీ పంపలేదు. హమాలీల కూలి రేటు కోసమో, కాలువ చివరి పొలాలకు నీళ్ల కోసమో ధర్నా చేసినప్పుడు తప్ప మా జెండా రంగేమిటో బెజవాడలోనే సగంమందికి తెలియదు. మూడో తరగతితో బడి మానేసి వన్‌టౌన్‌లో బస్తాలు మోసుకునే నన్ను ఆ పార్టీలోకి లాక్కొచ్చింది మా అక్క మొగుడే. ఉల్లిపాయల గోడౌను మీద అద్దెగదిలో ఉండేది మా ఆఫీసు. ఆ ఘాటుకు కళ్లు తుడుచుకుంటూ పార్టీ కరపత్రాలు బావ దగ్గర కూడబలుక్కుని నేను చదవడం నేర్చాను. నేర్చాక ఊరుకున్నానా, చదువురాని సభ్యులందరికీ ఏ కాగితం వచ్చినా పైకి చదివి వినిపించే పని నెత్తిన వేసుకున్నాను.

వాళ్లే ఎక్కువమంది కాబట్టి మా ఎన్నికలకు చీటీలుండేవి కావు. ప్రతివాడి చేతిలో ఒక పెసరగింజ, ఒక బొబ్బరగింజ పెట్టేవాళ్లం. పెసర ఒకరికి, బొబ్బర ఇంకొకరికి. గుడ్డకట్టిన రెండు కుండల్లో ఎర్రకుండలో వేసింది ఓటు, మిగిలిన గింజ నల్లకుండలో పడాలి. అందుకని ఎవరు ఎవరికి వేశారో పక్కన నిలబడ్డవాడికి కూడా అంతుపట్టేది కాదు. లెక్క తేలగానే ఆ గింజలన్నీ ఇంకో నాలుగు శేర్ల గింజల్లో కలిపి గుగ్గిళ్లు వండేవాళ్లం. గెలిచినవాడు ఓడినవాడికి వడ్డించాలి. తినేశాక మళ్లీ లెక్కపెట్టమని అడిగే వీలే లేదు కదా! ఒకసారి బందరు వైపు నుంచి వచ్చిన చేపల వ్యాపారి ఒకాయన రెండు గింజలూ ఎర్రకుండలోనే వేసేశాడు. అదేమిటయ్యా అంటే, "ఇద్దరూ మనోళ్లేగా అండీ! ఒకణ్ణి కాదని మళ్లీ వాడి మొహం ఎట్టా చూడమంటారు?" అన్నాడు. ఆ నవ్వులు తగ్గడానికి చాలాసేపు పట్టింది.

ఒక ఏడు కార్యదర్శి పదవికి బావ, నేను ఎదురెదురుగా నిలబడ్డాం. కుర్రాళ్లు నన్ను ఎగదోశారు, నేనూ ఎగిరాను. కానీ కుండ ముందుకు వెళ్లేసరికి నాకు అక్షరం ముక్క అబ్బేలా చేసినవాడికి వ్యతిరేకంగా వేయడానికి చెయ్యి రాలేదు. నా గింజ నేనే బావకు వేశాను. ఆయన గెలిచాడు, నా ఆకులో ఇంత గుగ్గిళ్లు పోసి, "గట్టిగానే పోటీ ఇచ్చావురోయ్!" అని వీపు మీద చరిచాడు. ఆ సంగతి నేను ఇప్పటికీ ఆయనకు చెప్పలేదు. ఇప్పుడు చెప్పినా నమ్మడు.

ఈసారి ఎన్నిక ఫోన్లలో అన్నారు. వారం ముందునుంచే వేయొచ్చట, ఫోను చేతకానివాళ్లు ఎన్నిక రోజున ఆఫీసుకు వస్తే వేయిస్తారట. నాలుగు రోజుల ముందు ఆఫీసు నుంచంటూ ఎవరో ఫోను చేసి, ఓటర్ల జాబితా సరిచూస్తున్నామని చెప్పి, "తాతగారూ, మీకో ఆరంకెల నంబరు వచ్చుంటది. చదవగలరా అండీ?" అని అడిగాడు. చదవగలనా! సగం పార్టీకి చదివి వినిపించినవాణ్ణి పట్టుకుని ఆ మాట అంటాడా అని రోషం వచ్చి, ఒక్కో అంకే విడదీసి రెండుసార్లు చదివాను. నంబరు చెప్పడమే ఓటు వాళ్ల చేతికివ్వడమని, వాళ్లకు కావలసింది అదేనని, ఎన్నిక రోజున ఆఫీసుకు వెళ్తే "మీది ఎప్పుడో పడిపోయింది కదండీ" అన్నప్పుడుగానీ నాకు తెలియలేదు.

మర్నాడే ఉయ్యూరు బస్సెక్కి బావ ఇంటికి పోయాను. ఆయన పడకకుర్చీలో గోడవైపు తిరిగి పడుకున్నాడు. జరిగిందంతా చెప్పాను. నా వైపు తిరగకుండానే, "నంబర్లు చదవడం కూడా నేనే నేర్పానా?" అన్నాడు. నేను లేచి బయల్దేరాను. అక్క గడపదాకా వచ్చి, "కాఫీ తాగి పోరా, నీ మీద కోపం ఆయనకే గానీ నాకు కాదు" అంది. తాగలేకపోయాను.

గెలిచినాయనకు మూడు ఉత్తరాలు రాశాను. ఎన్నిక మళ్లీ పెట్టమని అడగలేదు. ఆ ఓటు నేను వేసింది కాదని ఒక్క ముక్క రాసివ్వండి, నా మాట నమ్మని మా బావకు కూడా ఒక ప్రతి పంపండి అని మాత్రమే ప్రాధేయపడ్డాను. మా కాలంలో ఎవరికి వేశామో లోకానికి తెలిసేది కాదు, మాకు తెలిసేది. ఇప్పుడు లోకానికంతా తెలుస్తోంది, వేసినవాడికే తెలియడం లేదు. మా ఈడువాళ్లు ఇంకా ఎందరు ఇలా నంబర్లు చదివి, సొంతవాళ్లకు శత్రువులై, ఇళ్లలో కూర్చున్నారో!

నిన్న జవాబు వచ్చింది.

"గౌరవనీయులైన పెద్దలకు నమస్కారం. విచారించగా, మీ ఓటు మీ ఫోనుకు వచ్చిన నంబరుతోనే సక్రమంగా నమోదైనట్లు తేలింది. నూతన అధ్యక్షుల విజయానికి తోడ్పడిన మీకు పార్టీ తరఫున కృతజ్ఞతలు. మీరు కోరినట్లే ఈ ఉత్తరం ప్రతిని మీ బావగారికి కూడా పంపించాము."