గోడ లేని నీళ్లు

మా సైనిక దళం కావలి స్టేషన్లో దిగేసరికి ఇంకా తెల్లవారలేదు. అరవైల తొలి రోజులు, మాఘమాసం. లారీలో జువ్వలదిన్నె తీరానికి చేరాం. సరుగుడు తోపులో గుడారాలు, మంచినీళ్ల డ్రమ్ములు, ఒక పడవ. అన్నంలోనూ ఇసుకే.

సుబేదారు గారి ఆదేశం రెండు ముక్కలు. దళానికి ఈత నేర్పాలి. నెలాఖరున ఒక్కొక్కరూ పడవలోంచి దూకి, దేన్నీ పట్టుకోకుండా ఒడ్డు చేరాలి. చేరలేనివాడు దళం వదిలి స్టోర్సుకు పోవాలి. నేను సంగంలో, పెన్న ఒడ్డున పెరిగినవాణ్ణి. అందుకని ఆ పని నాకు తగిలించారు.

మొదటి రోజే చిక్కు బయటపడింది. చాలామందికి ఈత వచ్చు. కాని అది బావి ఈత. నడుముకు బెండ్లు కట్టుకుని మోటబావిలో నేర్చుకున్నవాళ్లు. నాలుగు బారలు వేయగానే చెయ్యి గోడకోసం చాచేవారు. సముద్రంలో గోడెక్కడిది? చాచినవాడు ఉప్పునీళ్లు తాగేవాడు. ఈతకు మించిన లోతు లేదంటారు. ఆ మాటన్నవాడు మా వాళ్లను చూసి ఉండడు.

అందరికంటే ఎక్కువ నీళ్లు తాగినవాడు మా వైర్‌లెస్ ఆపరేటర్. ఉదయగిరి వైపు రైతుబిడ్డ. సెట్టంటే ప్రాణం. ఒకరోజు దగ్గి దగ్గి నాతో అన్నాడు: "స్టోర్సులో గోనెలు ఎత్తేదానికా అన్నా, నేను సెట్టు నేర్చుకునింది?"

రోజూ ఒకే పాఠమైతే ఒళ్లు కదులుతుంది, బుద్ధి నిద్రపోతుంది. అందుకే మార్చి మార్చి పెట్టాను. ఒకరోజు ఉప్పుటేరులో పోటుకు ఎదురీత. మర్నాడు బట్టలతో, బూట్లు మెడకు తగిలించుకుని. ఇంకోరోజు నలుగురేసి జట్లు. నెమ్మదైనవాడు ముందు, మిగతావాళ్లు వాణ్ణి దాటకూడదు. ఏ రోజైనా చివర ఒకటి తప్పదు. చెయ్యి చాచబుద్ధయితే వెల్లకిలా తిరగాలి, ఆకాశం చూస్తూ అలుపు తీర్చుకోవాలి. దీనికి అందరూ నన్ను తిట్టుకున్నారు.

పరీక్షనాడు గాలి లేచింది. తాడు పట్టుకుని నేను పడవలో ఉన్నాను. మునిగితే తప్ప విసరొద్దని పక్కనే కూర్చున్న సుబేదారు గారు చెప్పారు. ఆపరేటర్ దూకాడు. సగం దూరం బాగానే పోయాడు. అంతలో కుడి చెయ్యి పక్కకు చాచాడు. తాడు పైకెత్తాను.

"ఆగు," అన్నారు సుబేదారు గారు.

ఒక అల వాడిని కప్పేసింది. అది దాటాక వాడు వెల్లకిలా తేలుతూ కనిపించాడు. కాసేపు అలాగే ఉండి, బోర్లా తిరిగి, బార వేశాడు. ఒడ్డున మోకాళ్లమీద కూలబడి వాంతి చేసుకున్నాడు. నేను చేరేసరికి నవ్వుతున్నాడు.

"గోడ లేదని తెల్సన్నా. అయినా చెయ్యి పోయింది."

సెట్టు వాడి దగ్గరే ఉండిపోయింది. కొన్నాళ్లకు నేను సంగం తిరిగొచ్చాను. ఎండాకాలంలో మా బావిలో పిల్లలు ఈత నేర్చుకుంటారు. గోడ అందగానే కేరింతలు కొడతారు. నాకు మాత్రం ఆ చెయ్యే కనిపిస్తుంది. నడి నీళ్లలో చాచిన చెయ్యి, ఏమీ అందక, మెల్లగా వెనక్కి వెళ్లిన చెయ్యి.