చెవులపిల్లి కూర్చున్న చోటు

అరబ్బు దేశంలో, సబా అల్ సలేం అనే పేటలో నేను పనిచేసిన ఇంట్లో వంట చేసే అక్కది రాయచోటి పక్క పల్లె. కుక్కర్ విజిల్ వేసినా రెండు అరచేతులతో చెవులను తలకేసి అదుముకునేది. నాకు నవ్వొచ్చేది.

ఇరాక్ సైన్యం వచ్చాక, మేము మామా అని పిలిచే ఇంటావిడ పిల్లలతో సౌదీకి వెళ్లిపోయింది. మేమిద్దరమే మిగిలాం.

ఒక మధ్యాహ్నం సైనికులు గేటు విరగ్గొట్టారు. పెరటి తలుపు వైపు పరుగెత్తబోతే అక్క నన్ను బియ్యం మూటల వెనక్కి లాగింది.

"కదలాకు మే. చెవులపిల్లి బొక్క తవ్వుకోదు. చెవులు వీపుకు అణుచుకోని మట్టిలో మట్టిమాదిరి కూచ్చుంటాది. కాలు మీద పడేదాంక లెయ్యదు. ముందే లేచిందా, కుక్కలకు దొరికిపోతాది."

బూట్లు వంటగది గుమ్మం దాకా వచ్చి, హాల్లోని టీవీ మోసుకుని వెళ్లిపోయాయి.

కొన్నాళ్లకు మనవాళ్లను జోర్డాన్ చేర్చే బస్సు వీధి చివర ఆగింది.

"అక్కా, యల్లా, పోదాం రా! మళ్లా బస్సు రాదంట!"

ఆమె మూటల వెనక నుంచి లేవలేదు. చెయ్యి పట్టి లాగాను, నేలకు అతుక్కుపోయినట్టు కూర్చుంది. బస్సు హారన్ మోగింది. చెవులు అదుముకుంది.

"కాలు ఇంగా మీద పడలేదు మే," అంది, చేతులు తీయకుండానే.