నేనిచ్చిన దోమతెర

మాకు పాలు పోసే నాగమ్మ మనవడికి మలేరియా వచ్చి తగ్గిందంటే, దోమలు కుట్టకుండా ఉంటాయని మా దోమతెర ఇచ్చి పంపాను. ఈ రోజు రామసముద్రంలో పెళ్ళి చూసుకుని మదనపల్లెలో బస్సు దిగి, పిల్లాణ్ణి పలకరిద్దామని నేరుగా వాళ్ళింటికే వెళ్ళాను. గుమ్మంలోనే కొయ్యబారిపోయాను.

పిల్లాడు చాప మీద నిద్రపోతున్నాడు. ఒళ్ళంతా ఎర్రటి దద్దుర్లు. నా దోమతెరేమో మూలన పట్టుపురుగుల తట్టల చుట్టూ సందు లేకుండా బిగించి కట్టి ఉంది!

"ఏం పని నాగమ్మా ఇది? బిడ్డను బయటేసి పురుగులకు తెర కడతావా?" అని అరిచేశాను.

"కొత్తగా ఊజీ ఈగని ఒగటి వచ్చిండాదమ్మా. అది పురుగు మీద గుడ్డు పెడితే పంటంతా పోతాది. బిడ్డయితే దోమను కొట్టుకుంటాడు. పురుగుకు సేతులుండాయా?" అంది.

అంతలో పిల్లాడు నిద్రలోనే చెంప మీద ఛట్టున కొట్టుకున్నాడు.

గట్టిగా నాలుగు మాటలు అందామని పైట బిగించాను. చేతికి తగిలింది, పెళ్ళికని కట్టుకున్న కొత్త పట్టుచీర. నోరు మూసుకుని వచ్చేశాను.

మీరైతే ఏమనేవాళ్ళో చెప్పండి.