ఆకు ముట్టకముందు

యేసయ్య సంగతి నాకు మొదట చెప్పింది సిరిసిల్లలో ఉండే మా చిన్నమ్మ. బడి ముఖం చూడని నాకు ఇంట్లోనే అక్షరాలు దిద్దించింది కూడా ఆమే. పెళ్లయి కోరుట్లకు వచ్చాక మాత్రం నేను చదవడం మానేశాను. ఆదివారం జగిత్యాల నుంచి పాస్టరయ్య బస్సులో వచ్చి వాక్యం చెప్పేవారు. వారమంతటికీ అదే చాలనుకునేదాన్ని. మిగతా రోజులన్నీ ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టడమే.

తెలంగాణ కోసం సమ్మె మొదలై బస్సులు ఆగాయి. పాస్టరయ్య రాలేదు. రెండు ఆదివారాలు గడిచేసరికి ప్రార్థనలో ఏం మాట్లాడాలో నాకు తోచలేదు. నా విశ్వాసమంతా ఆ బస్సులోనే వచ్చి పోతోందని తెలిసి భయపడ్డాను. ఇక రోజూ బైబిలు చదవాలని తీర్మానించుకున్నాను.

తీరిక ఎక్కడిది? నానబెట్టిన తునికాకు తడి ఆరకముందే కత్తిరించాలి, పొద్దుగూకేలోగా వెయ్యి బీడీలు చుట్టాలి. అందుకని బైబిలును చాట అంచుకు ఆనించి, చుడుతూనే చదివాను. యోహాను సువార్త సగానికి వచ్చింది గానీ బీడీలు చెడ్డాయి. కొన్నింటిలో తంబాకు తక్కువ, కొన్నింటికి మూతి సరిగా మడవలేదు. కార్ఖానాలో సరిచూసే ఆయన పిడికెడు పిడికెడు తీసి నా ముందే విరిచేశాడు. మళ్లీ ఇలాగే తెస్తే ఆకు ఇవ్వనన్నాడు. పోనీ, చదివిందైనా గుర్తుందా అంటే అదీ లేదు.

చిన్నమ్మకు ఫోన్ చేసి ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు. "పని చేస్కుంట చదివితె దేవునికి మిగిలింది పెట్టినట్టే బిడ్డ. ముందుగాల ఆయన దగ్గర కూసో. తర్వాత ఆకు ముట్టు" అన్నది.

మర్నాటి నుంచి అదే పట్టు పట్టాను. తెల్లవారగానే, ఆకు మూట విప్పకముందు, ఒక అధ్యాయం. కూడబలుక్కుని చదివేదాన్ని కాబట్టి చాలాసేపు పట్టేది. నాతోపాటు బీడీలు చుట్టే మా అత్తమ్మకు అది నచ్చలేదు. ఆమె వేములవాడ రాజన్నకు మొక్కే మనిషి. "నీ దేవుడచ్చి కత్తెర పడ్తడా?" అని పొడిచేది. అయినా అధ్యాయం ముగిసేదాకా నేను లేచేదాన్ని కాదు. ఆ వారం రెండుసార్లు నా బీడీలు తక్కువపడ్డాయి. కార్ఖానాలో పని దొరకడానికి ఆధారమైన బీడీ కార్డు పోతుందేమోనని భయపడ్డా చదవడం ఆపలేదు.

ఒక పొద్దున చదవడం ముగించి చూస్తే, అత్తమ్మ నా వాటా ఆకు కూడా కత్తిరించి తడిగుడ్డ కప్పి పెట్టింది. నేను ఏదో అనబోతే, "రేపు జర గట్టిగ సదువు. గట్ల గొణిగితె నాకేం ఇనవడ్తది?" అన్నది.

అప్పటి నుంచి ఆమె కత్తిరించేది, నేను వినిపించేదాన్ని. కార్డు పోలేదు. బస్సులు తిరిగాయి, పాస్టరయ్య మళ్లీ వచ్చారు. పొద్దుటి అధ్యాయం మాత్రం నేటికీ ఆగలేదు. దేవునికి స్తోత్రం.

అత్తమ్మ బాప్తిస్మం తీసుకోలేదు, రాజన్నకు మొక్కడమూ మానలేదు. నేను ఒత్తిడి చేయలేదు. ఇప్పుడు ఆమె వేళ్లు కొంకర్లు పోయాయి, ముద్ద కలుపుకోవడమే కష్టంగా ఉంది. ఇది చదివినవారు మీ ప్రార్థనలో మా అత్తమ్మను తలచుకోండి.